బల్ల మీద లేనిది పలికింది

రేడియో తరంగాల బలం కొలిచే ఆ ల్యాబ్ వెనక ఖాళీ జాగాకు మంచి పేరు లేదు. ఒక చెక్కబల్ల, దానికెదురుగా యాంటెన్నా స్తంభం, స్తంభాన్ని ఆనుకుని రిసీవర్ పెట్టుకున్న చిన్న గది — ఉన్నదల్లా ఇంతే. కానీ రాత్రిపూట ఒంటరిగా కొలతలు తీసేవాళ్లకు అక్కడ ఇంకెవరో తోడొస్తారట. పగలు ఫోన్లూ రేడియోలూ చేసే గోలలో కొలతలు కుదిరి చావవు కాబట్టి, రాత్రి వెళ్లక తప్పేది కాదు.

ఇది అక్కడ కొత్తగా చేరినామెకు జరిగిందని చెప్పుకుంటారు. అందరూ ఆమెను కొత్తమ్మాయి అనే పిలిచేవాళ్లు. అప్పటికే రెండు పరీక్షలు తగలేసింది. మూడోదీ పోతే ఇక రానక్కర్లేదని మేనేజర్ మేడమ్ మొహం మీదే చెప్పేసింది. ఇంట్లో అమ్మకేమో, ఉద్యోగం పర్మనెంటయిపోయిందని ముందే కోతలు కోసేసింది మన కొత్తమ్మాయి.

ఆ రాత్రి కొలవాల్సింది వైరు లేని కాలింగ్ బెల్ బటన్. అగ్గిపెట్టెంత ఉంటుంది. పరీక్ష కోసం ఆగకుండా తరంగాలు పంపేలా చేసి ఇచ్చారు. దాన్ని బల్ల మీద పెట్టి, రిసీవర్ ఎంత చూపిస్తోందో రాసుకోవాలి. తర్వాత దాన్ని తీసేసి, సరిగ్గా అదే చోట వేరే యాంటెన్నా నిలబెట్టి, రిసీవర్ మళ్లీ అంతే చూపించేదాకా, దానికి తరంగాలిచ్చే జనరేటర్‌ను పెంచుతూ పోవాలి. దాన్నిబట్టి బటన్ బలం లెక్కకడతారు.

మొదటి సగం నల్లేరు మీద బండిలా సాగిపోయింది. బటన్ తీసేసింది, యాంటెన్నా నిలబెట్టింది, కోటు దగ్గరగా లాక్కుని గది వైపు నడిచింది.

సగం దారిలో గానీ తట్టలేదు... రిసీవర్ స్పీకర్ ఇంకా గుయ్‌మంటోంది.

జనరేటర్ ఇంకా వెయ్యనే లేదు.

ఆగింది. చప్పుడు అలాగే ఉంది. రెండడుగులు వేసింది — పెరిగింది. గుమ్మం చేరేసరికి చెవులు గింగురుమన్నాయి.

బల్ల దగ్గర ఎవరో ఉన్నారనుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక్కి నడిచింది. నడిచేకొద్దీ చప్పుడు సన్నబడింది... బల్ల దగ్గర పురుగు కూడా లేదు. తిరిగి గదికొచ్చింది. అదీ వచ్చింది.

తన వెంటే నడుస్తోంది.

గురువుగారికి ఫోన్ చేసింది. ల్యాబ్‌లో అందరికంటే పాతకాపు ఆయనే, ఆ జాగా కథలన్నీ మొదట చెప్పిందీ ఆయనే.

"బల్ల మీద ఏమీ లేదండీ... అయినా పలుకుతోంది. నేనెటు పోతే అటొస్తోంది."



"కోటు విప్పమ్మా," అన్నారాయన గుసగుసగా. "యాంటెన్నా పక్కన పెట్టి, అదే చోట కోటు పెట్టు. దానికి కోటంటే ఇష్టం. నువ్వు గదిలోకెళ్లి చూడు."

దండం పెట్టుకుని మరీ పెట్టింది. గదిలోకి పరుగెత్తి తెర చూసింది. ఇందాక బటన్‌కు రాసుకున్న అంకె... అదే. దశాంశంతో సహా.

బటన్ ఉన్న చోట కోటు పెడితే బటన్ అంతే పలికిందంటే —

బల్ల దగ్గరికి పరుగెత్తి కోటు జేబులో చెయ్యి పెట్టింది. ఆపకుండా తీసి వేసుకున్న బటన్, వెచ్చగా, హాయిగా పలుకుతూనే ఉంది.

సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తర్వాత బుద్ధిగా కూర్చుని పని పూర్తిచేసింది. ఈసారి కొలతలు నిక్కచ్చిగా వచ్చాయి. కానీ పొద్దున్నే మేడమ్ అందరి ముందూ నిలదీసింది, ఇంతసేపు ఎందుకు పట్టిందని. నిజం చెబితే ఉద్యోగం ఉంటుందా? కొత్తమ్మాయి గురువుగారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి ఏదో తెగ చూసేస్తున్నారు.

"ఉందండీ..." అంది గొంతు తగ్గించి. "నా వెంటే నడిచింది."

ఎవరూ నవ్వలేదు. రాత్రి పనులు చేసినవాళ్లంతా ఒక్కొక్కరే తలూపారు. అందరికంటే ముందు ఊపింది మేడమే, తనకు తెలియకుండానే కోటు జేబు తడుముకుంటూ.