గీత తప్పిన గొంతు

ఫ్లాపీ డ్రైవ్ మళ్లీ గరగరలాడి ఊరుకుంది. తెర మీద ఏమీ రాలేదు.

ఎదురుగా కూర్చున్న మైలపల్లి పోలమ్మకు ఒళ్లు మండిపోయింది. విశాఖ చేపలరేవులో వేలం పాటకు దిగి ఎంతమంది నోళ్లు మూయించిందో లెక్కలేదు. జబ్బుచేసి స్వరపేటిక తీసేశాక ఆమె మెడకు ఒక యంత్రం కట్టారు. పెదవుల కదలిక చూసి అదే మాట్లాడుతుంది, అదీ టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా. "దయచేసి నా పాట వినండి" అని అది ముగించేలోపు గంప ఇంకెవరికో పోయేది. ఇలాగే సాగితే ఆమె రేవు వదులుకోవాల్సిందే.

ఆమె పడుచుతనంలో కాలేజీవాళ్లు రేవుకొచ్చి ఆమె కేకలు రికార్డు చేసి ఫ్లాపీలో దాచారు. ఆ ఫ్లాపీనీ, దాన్ని రాసిన డ్రైవ్‌నూ ఆ మెడ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ సువర్చల ఆ కాలేజీ పాత సామాను గదిలోంచి వెతికి తీసింది. ఇప్పటి పీసీకి అంత పాత డ్రైవ్ చెప్పేది అర్థం కాదు. అందుకని మధ్యలో తను తయారుచేసిన ఇంటర్‌ఫేస్ కార్డు పెట్టింది. డిస్క్ మీది అయస్కాంత గుర్తులను ఉన్నవున్నట్టు పట్టి పీసీకి అందించడమే దాని పని.

"పొరపాటు నాదే పెద్దమ్మా," అంది సువర్చల. "అసలు డ్రైవ్‌లో హెడ్ పక్కకు జరిగి ఉందని, మంచి డ్రైవ్ తగిలించాను. కానీ రాసేటప్పుడే ఆ వంకరది గీత తప్పి రాసింది. గీత తప్పే చదవాలి."

వంకర డ్రైవ్ తగిలించగానే గది దద్దరిల్లింది. "ఒరే, పాట నాది. గంప మీద సెయ్యెయ్యకు."

పోలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

గొంతులో కరుకుదనం తీసేయమంటారా అని పీసీ అడిగింది. సువర్చల సరేనని నొక్కబోయింది. పోలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, పళ్లు కొరుకుతూ తిట్టింది. యంత్రం మాత్రం తేనెలొలికిస్తూ, "దయచేసి నా గొంతు జోలికి రావద్దండి" అంది.

సువర్చల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ కేకలను ఉన్నవి ఉన్నట్టే యంత్రానికి నేర్పింది.

మర్నాడు రేవులో ముసలిదాని మెడలోంచి పడుచు గొంతు లేచేసరికి తోటి వేలం పాటగాళ్లు బిత్తరపోయారు. పోలమ్మ పాడిన గంప పోలమ్మకే వచ్చింది. దాని మీద ఇంకో గంప పెట్టి అమ్మకానికి కూర్చోగానే కొనేవాళ్లు చుట్టూ మూగారు. వాళ్లలో సువర్చల కూడా ఉంది. పోలమ్మకు ప్రేమ పొంగింది. ఆమెను దగ్గరకు లాక్కుని చెవిలో రహస్యంగా ఒక మాట చెప్పబోయింది. ఫ్లాపీలో ఉన్నవన్నీ కేకలే. యంత్రానికి గుసగుస ఎక్కడ తెలుసు?

"అమ్మా, పై గంపలోయి నిన్నటియి. కిందియి తీసుకో."

రేవు రేవంతా విన్నది. చేపలు ఎంచుతున్నవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. సువర్చల ముఖం వెలవెలబోయింది. మెల్లగా మాట్లాడుకోవడానికి ఆ వార్తలు చదివే గొంతు కూడా పెట్టిస్తానంది.

పోలమ్మ కొంగు నడుముకు బిగించింది.

"నాకొద్దు. ఎల్లినోళ్లని ఎల్లనీ. నాను సెప్పింది నిజమే గదా."

ఆ మాట కూడా రేవంతా విన్నది. ఆమె పై గంప ముందుకు లాగి, నిన్నటి చేప సగం ధర అని కేకేసింది.