సెలవు తీసుకోని దొంగ

వచ్చినామె కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, చేతిసంచీలోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదండీ. అదే నా కొంప ముంచుతోంది," అంది.

టీచరుగారు తాళంచెవిని చూడలేదు, ఆమె మొహాన్ని చూశారు. హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు సైన్సు చెప్పి, ఆ తర్వాత ప్రైవేటు పరిశోధనలోకి దిగిన ఆవిడను ఊరంతా ఇప్పటికీ టీచరుగారనే పిలుస్తుంది. పక్కన నోటుపుస్తకంతో ఉన్నది ఆవిడ సహాయకుడు, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. టిక్కెట్టు కొననివాణ్ణి మెట్టెక్కుతుండగానే పోల్చేవాణ్ణని అతనికి గర్వం. కానీ మనుషుల్ని చూడటమంటే ఏమిటో టీచరుగారి దగ్గరే నేర్చుకున్నానని అందరికీ చెప్పుకుంటాడు.

మంచినీళ్ళు తాగాక ఆమె నిదానించింది. ప్రభుత్వ ఆస్పత్రిలో స్టోర్ కీపరు. ఆ తాళంచెవి అక్కడి గ్యాసు సిలిండర్ల గదిది.

కర్బన ఉద్గారాలను ఐదేళ్ళలో సగానికి తగ్గిస్తామని ఆ ఆస్పత్రి మాట ఇచ్చింది. డాబా మీద సోలార్ పలకలు పెట్టారు, పాత బాయిలరు తీసేశారు. అయినా ఏటా వేసే లెక్కలో అంకె దిగనని మొండికేసింది. ఆరా తీస్తే మత్తు గ్యాసు దగ్గర తేలింది. ఆపరేషన్లకు వాడే ఈ నైట్రస్ ఆక్సైడు, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు రెండు వందల డెబ్బై రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే డాక్టర్లు దాని వాడకం ఇంచుమించు మానేశారు. సిలిండర్లు మాత్రం ఎప్పటిలాగే ఖాళీ అవుతున్నాయి.

"ఎవరో బయటికి అమ్ముతున్నారని సూపరింటెండెంటుగారి అనుమానం. కుర్రకారు మత్తు కోసం పీలుస్తారటగా. సోమవారం నాకు సస్పెన్షన్ కాగితం ఇస్తారట," అంది.

"మీకేమనిపిస్తోంది?"

"దొంగతనమే అనిపిస్తోందండీ, అదే నా భయం. రోజూ సిలిండరు మీదున్న మీటరు చూసి రాస్తాను. ఎనిమిది రోజులు ముల్లు ఉన్నచోటే ఉంటుంది. ఆ తర్వాత రెండు రోజుల్లో సున్నాకి పడిపోతుంది. నిండు సిలిండరు పట్టుకెళ్ళి ఖాళీది పెట్టినట్టు."

టీచరుగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "మీ ఇంట్లో వంటగ్యాసు అయిపోయే ముందు మంట వారం రోజుల నుంచీ తగ్గుతూ వస్తుందా?"

"లేదండీ. చివరిదాకా బాగానే మండుతుంది."

"కండక్టరుగారూ, బస్తాలు తూచే కాటా ఒకటి అద్దెకు తెప్పించండి," అన్నారు ఆవిడ.

గురువారం నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి సిలిండరును తూచే పని కండక్టరుది. తాళంచెవి మాత్రం టీచరుగారు తన దగ్గరే ఉంచుకున్నారు.

శుక్రవారం ఆస్పత్రి ఫోర్‌మాన్‌తో మాట్లాడారు. అతను స్టోర్ కీపరుకు స్వయానా మరిది.

"పైపులు మూణ్ణెల్లకోసారి నేనే చూస్తానమ్మా. ఎక్కడా పిసరంత లీకు లేదు," అన్నాడు. "తాళం మా వదిన దగ్గరుంది. ఆవిడ మీద చెప్పడం నాకేం సరదానా? అడిగారు కాబట్టి ఉన్నమాట చెప్పాను."

సిలిండర్ల గది గోడకు అతని తనిఖీ కార్డు వేలాడుతోంది. చివరి వరుసలో, కిందటి నెల తేదీతో, "పాత ఆపరేషన్ థియేటరు వాల్వు చూశాను. మూసి ఉంది" అని రాసి సంతకం చేశాడు.

శనివారం ఆవిడ ఆ పాత థియేటరుకు వెళ్ళారు. ఇప్పుడది రికార్డుల గది. గోడల పొడుగునా ఇనుప బీరువాలు, దుమ్ము పడకుండా మూసిన కిటికీలు. అక్కడి గుమాస్తా కుర్చీలో జోగుతూ దొరికాడు.

"మూడేళ్ళ కిందట బీరువాలొచ్చాయండీ. అప్పట్నుంచి అంగుళం కదల్లేదు," అన్నాడు ఆవులిస్తూ. "మధ్యాహ్నమైతే నాకు నిద్ర ముంచుకొస్తుంది. వేళ్ళు కూడా తిమ్మిరెక్కుతున్నాయి. ఆదివారం ఇంటి దగ్గరుంటే మాత్రం హుషారుగానే ఉంటాను. ఉద్యోగం పడని మనిషివి నువ్వని మా ఆవిడ వేళాకోళం."

టీచరుగారు నవ్వలేదు. తనే వెళ్ళి కిటికీలన్నీ తెరిచారు. "ఇవాళ్టికి ఇంటికెళ్ళండి. సోమవారం నేను చెప్పేదాకా ఈ గదిలో కూర్చోకండి," అన్నారు.

బయటికొచ్చాక కండక్టరు గొంతు తగ్గించాడు. "వాడేనండీ. గ్యాసు పీల్చే మొహమే అది."

"సగం సరిగ్గానే చెప్పారు," అన్నారు ఆవిడ.

సోమవారం పదింటికి అందరూ రికార్డుల గదిలో సమావేశమయ్యారు. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. సూపరింటెండెంటు చేతిలో సస్పెన్షన్ కాగితం ఉంది.

"సిలిండర్లో గ్యాసు ద్రవంగా ఉంటుంది," అని మొదలుపెట్టారు టీచరుగారు. "చివరి చుక్క ఆవిరయ్యేదాకా ముల్లు దిగదు. ఎంత మిగిలిందో బరువొక్కటే చెబుతుంది. కండక్టరుగారూ, చదవండి."

"గురువారం నుంచి శుక్రవారానికి మూడు కిలోలు తగ్గింది. శనివారానికి మూడు కిలోలు. ఆదివారానికీ మూడే. నిన్న థియేటరు మూసి ఉంది, ఆపరేషన్లు లేవు."

"సెలవు రోజు కూడా మానకుండా, తూచినట్టు మూడేసి కిలోలు తీసుకెళ్ళే దొంగ ఉండడు. తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. గ్యాసు తలుపులోంచి పోవడం లేదు, పైపులోంచి పోతోంది."

ఇద్దరు పనివాళ్ళు మూల బీరువాను జరిపారు. వెనక గోడలో పాత గ్యాసు కొళాయి, దాని పక్కన సగం తెరిచి ఉన్న వాల్వు కనిపించాయి. టీచరుగారు సబ్బునురగ తీసి కొళాయికి రాశారు. నురగ ఉబ్బి, బుడగలు ఒకదాని మీద ఒకటి లేచాయి.

"ఈ గుమాస్తాగారు మూడేళ్ళుగా తనకు తెలియకుండానే ఈ గ్యాసు పీలుస్తున్నారు. నిద్ర, తిమ్మిరి అందుకే," అన్నారు ఆవిడ. "ఇక మిగిలింది ఒక్కటే. అంగుళం కదలని బీరువా వెనకున్న వాల్వును కిందటి నెలలో ఒకరు 'చూశాను' అని సంతకం పెట్టారు."

ఫోర్‌మాన్ తల దించుకున్నాడు. "చూడలేదు. మూడేళ్ళుగా ఇదే రాస్తున్నాను. మొదట నిజంగానే దొంగతనమనుకున్నాను. మీరు కాటా తెప్పించారని విన్నాక లీకేమోనని భయం పట్టుకుంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు."

స్టోర్ కీపరు అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "నీ కాలు విరిగినప్పుడు మూణ్ణెల్లు మంచం దగ్గరికే అన్నం తెచ్చి పెట్టాను. నా మీద చెప్పేముందు ఈ బీరువా ఒక్కసారి జరపలేకపోయావా?"

"తప్పయింది వదినా."

సూపరింటెండెంటు చేతిలోని కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ఆమెకు క్షమాపణ చెప్పాడు. అది నోటీసు బోర్డు మీద కూడా ఉండాలని ఆమె అడిగింది, సాయంత్రానికల్లా అంటించారు. గుమాస్తాను ఆ పూటే డాక్టరు పరీక్షించాడు. నరాలు పూర్తిగా దెబ్బతినకముందే బయటపడింది కాబట్టి సూదిమందులతో నయమవుతుందన్నాడు. ఫోర్‌మాన్‌కు ఆ ఏడు ప్రమోషను పోయింది. పాత గ్యాసు పైపులన్నీ ఊడదీసే పని కూడా అతని మీదే పడింది. అవసరమైనప్పుడు రోగి దగ్గరికే చిన్న సిలిండరు తెస్తే చాలని డాక్టర్లు ముందునుంచీ అంటున్నారు.

మూణ్ణెల్ల తర్వాత వేసిన ఆ ఏటి లెక్కలో, మొండికేసిన అంకె మొదటిసారి దిగింది. ఈ ఆస్పత్రితో పాటే ఆ రోజుల్లో కట్టిన ప్రభుత్వ ఆస్పత్రులు ఇంకా పద్నాలుగు ఉన్నాయని, వాటినీ తనిఖీ చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పంపింది వదినామరుదులనే. దారిలో మొదటి రోజు ఇద్దరూ పలకరించుకోలేదట.

రెండో ఆస్పత్రి నుంచి ఆమె టీచరుగారికి ఫోన్ చేసింది.

"ఇక్కడా ఉందండీ. మా మరిదే కనిపెట్టాడు. చెబితే వినకుండా బీరువా వెనక్కి దూరి, నెత్తి నిండా బూజుతో బయటికొచ్చాడు. ఉండండి, వాడికి తువ్వాలిచ్చి మాట్లాడతాను."