పాత అంబాసిడర్‌కు వేసిన అతుకు

రత్నమాణిక్యం ఆఫీసులో చిట్టియ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. నిడదవోలులో పాత కార్లు బాగుచేసే మెకానిక్ అతను. గ్రీజు అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇంజన్ విప్పకుండా పాత ఇనుముకి వేసెయ్యమన్నారండి. నేను విప్పేశాను, ఓ అతుకు బయటపడింది. ఇప్పుడు నోరెత్తితే షెడ్డు మూయించేస్తానంటున్నారు.”

“ఎవరండి ఆయన?” అని అడిగింది రత్నమాణిక్యం.

“అనంతకృష్ణ గారండి. కారు మాత్రం వాళ్ళన్నయ్య నరసింహమూర్తి గారిది.”

రాజమండ్రిలో డిటెక్టివ్ ఆఫీసు తెరవకముందు రత్నమాణిక్యం ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ సర్వేయరు. దెబ్బతిన్న బండి ఆమెకు అబద్ధం చెప్పదని సహాయకుడు ప్రేమ్ కుమార్ నమ్మకం. కోర్టు గుమాస్తా పని మానుకుని ఆమె దగ్గర చేరి ఆరేళ్ళయినా అతని ఆశ్చర్యం తీరలేదు.

చిట్టియ్య చెప్పింది ఇదీ. 2002లో నరసింహమూర్తి భార్య సీతారామలక్ష్మికి గుండెనొప్పి వస్తే, డ్రైవరు ఏసురాజు భార్యాభర్తలిద్దర్నీ ఎక్కించుకుని ఈ అంబాసిడర్‌లోనే రాజమండ్రి ఆసుపత్రికి బయల్దేరాడు. కొవ్వూరు చేరకముందే ఇంజన్ పట్టేసింది. ఆమె రోడ్డు మీదే పోయింది. రేడియేటర్లో నీళ్ళు చూసుకోకుండా బండి తీశాడని ఏసురాజును అందరూ తిట్టిపోశారు. ఆ తర్వాత ఎవరూ అతన్ని డ్రైవరుగా పెట్టుకోలేదు. ఇటుకబట్టీలో మోత మోసి మోసి చచ్చిపోయాడు. ఇన్నేళ్ళకు నరసింహమూర్తి, భార్య ఇష్టపడ్డ కారని, దాన్ని మళ్ళీ నడిచేలా చేయమన్నాడు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ షెడ్డుకు వెళ్ళారు. డైనమో తీసిన చోట, లోపల నీళ్ళు తిరిగే ఇంజన్ బ్లాకు పక్కన జానెడు పొడవున ఏదో ఉబ్బుగా అతికి ఉంది. మీద ఇంజన్ రంగే వేసి ఉంది. రత్నమాణిక్యం స్క్రూడ్రైవరుతో గీకింది. రంగు కింద గట్టిపడిన జిగురు, జిగురులో తెల్లటి ఫైబరు గుడ్డ, దాని కింద పగులు. అతుకు ఒక చివర ఊడింది. అక్కణ్ణుంచి తుప్పునీటి చార రంగు మీదుగా కిందికి దిగింది.

“మీరు ఇలా అతుకుతారా?”

“ఛ, మేం వెయ్యమండి. బ్లాకు పగిలితే మార్చాల్సిందే. ఇది పడవలకీ, రొయ్యపిల్లల తొట్లకీ వేసే గుడ్డండి. ఇంజన్ వేడికి ఆగదు.”

మర్నాడు నరసింహమూర్తిని ఇంట్లో కలిశారు. రిటైరైన లెక్చరరు ఆయన.

“ఆవిడ పోయాక ఆ ఇంజన్ ఎవరైనా తెరిచారాండి?”

“లేదండి. లారీకి కట్టి లాక్కొచ్చి పాకలో పెట్టించాను. తాళం నా దగ్గరే ఉంది.”

“అంతకు ముందు ఏసురాజు ఎక్కడికైనా తీసుకెళ్ళాడా?”

“మూడు రోజులు సెలవండి, చెల్లెలి పెళ్ళికి. ఆవిడ పోయిన రోజు తెల్లారే వచ్చాడు. అతను లేనప్పుడు కారు మా తమ్ముడు వాడేవాడు.”

“ఆయన అప్పట్లో ఏం చేసేవారు?”

“నరసాపురం దగ్గర రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ ఉండేదండి.”

ప్రేమ్ కుమార్ రాసుకుంటున్న పెన్ను ఆగింది. రత్నమాణిక్యం ముఖంలో మాత్రం ఏమీ కనిపించలేదు.

శనివారం అందరినీ షెడ్డుకు పిలిచింది. అన్నదమ్ములతో పాటు ఏసురాజు కూతురు రూబీ కూడా వచ్చింది. కొవ్వూరులో టీచరు ఆమె.

“తుప్పు చార అతుకు రంగు మీద ఉంది. అంటే ముందు అతుకు, తర్వాత కారడం. పాకలోకి వెళ్ళాక ఈ బండి నడవలేదు. కాబట్టి ఏసురాజు తాళం అందుకునేసరికే బ్లాకు పగిలి ఉంది. నీళ్ళు నిండా పోసినా దారిలో కారిపోయేవి. ఆ మూడు రోజులూ బండి అనంతకృష్ణ గారిది. గుడ్డ ఆయన తొట్లది. ఇన్నేళ్ళ తర్వాత ఇంజన్ విప్పొద్దన్నదీ ఆయనే.”

అనంతకృష్ణ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “అంతర్వేది నుంచి వస్తుంటే నీళ్ళయిపోయాయి. కాలిపోతున్న ఇంజన్‌లో చన్నీళ్ళు పోశాను. పగిలింది. అన్నయ్య తిడతాడని మావాళ్ళతో అతికించాను. నాలుగు రోజులాగి చెబుదామనుకున్నాను.”

“మీ వదినగారు పోయాక?”

“డ్రైవర్ అనుకున్నారు కదా అందరూ. నేనైతే అనలేదు.”

ప్రేమ్ కుమార్‌కు ఆ మనిషి పీల్చి వదిలిన గాలి పీల్చడానికే రోత పుట్టి, గుమ్మం దగ్గరికి జరిగాడు.

“మీరు అనలేదు. ఆ శవం పక్కన నిలబడి, ఇంకొకడి మీద ఉమ్మేస్తుంటే చూస్తూ ఊరుకున్నారు. చాలా కేసులు చూశానండి. ఇంత కుళ్ళు చూళ్ళేదు,” అంది రత్నమాణిక్యం.

“అయిందేదో అయింది. ఆ అమ్మాయికేం కావాలో అడగండి.”

రూబీ అతని వైపు చూడలేదు. “ఆ నింద పడ్డాక నాన్న చర్చిలో కూడా ఆఖరి బెంచీలోనే కూర్చునేవారండి. రేపు ఆరాధన అయ్యాక వచ్చి, ఆ జనం ముందు చెప్పండి.”

“నేనా? అక్కడికా?” అనంతకృష్ణ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అన్న ఆపలేదు. ఆ తర్వాత అతన్ని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు.

ఆదివారం నరసింహమూర్తి ఒక్కడే చర్చికి వచ్చాడు. తమ్ముడు చేసింది రెండు మాటల్లో చెప్పాడు. అక్కడితో ఆగుతాడనుకున్నారు.

“ఆ రోజు ఏసురాజు కాలవకి పరిగెత్తి డబ్బాతో నీళ్ళు తెస్తున్నాడండి. నేను ఎదురెళ్ళి చెప్పుతో కొట్టాను. నీళ్ళు ఒలికిపోయాయి. అతను డబ్బా తీసుకుని మళ్ళీ కాలవకి పరిగెత్తాడు.”

చెప్పి, ఆయన వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. క్షమించమని అడగలేదు. రూబీ కూడా ఆ మాట ఎత్తలేదు.