నీళ్ళడిగిన బోటు

ఎవరైనా మంచినీళ్ళు అడిగితే సంతోషికి భయం. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా అనలేదు. పలాసలో జీడిపప్పు ఒలిచే చోట పక్క పీట మీది మనిషి "ఓలే, ఆ సీసా ఇలగ అందీ" అంటే అందిస్తుంది. నవ్వుతూనే అందిస్తుంది. కానీ ఆ మనిషి తాగి సీసా కింద పెట్టేదాకా సంతోషి మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఉంటాయి.

ఆమె తండ్రి కూర్మయ్య ఉద్దానం మగాళ్ళలో సగంమందిలాగే వలసపోయి, గుజరాత్‌లోని వెరావల్లో బోటు మీద పనిచేసేవాడు. సముద్రం మీదుగా వచ్చినవాళ్ళు ముంబయిని తగలబెట్టిన ఆ నవంబరులోనే అతని బోటు వేటకెళ్ళి తిరిగి రాలేదు. తుపాను లేదు, గాలి లేదు. మనిషీ దొరకలేదు, చెక్కముక్కా దొరకలేదు. అప్పటికి సంతోషి పలక పట్టిన పిల్ల.

ఊరికి మాత్రం రెండు కథలు దొరికాయి. దాహమని ఎవరో పిలిస్తే కూర్మయ్య బోటు ఆపాడని ఒకటి. వచ్చినవాళ్ళకి దారి చూపించిందే అతనని ఇంకొకటి. మొదటిది జాలిగా పైకి చెప్పుకునేవారు, రెండోది చెవిలో చెప్పుకునేవారు. చెవిలో చెప్పుకున్నదే ఎక్కువకాలం బతికింది. బళ్ళో సంతోషి పక్కన కూర్చునే పిల్లని వాళ్ళమ్మ వచ్చి వేరే బెంచీకి మార్చుకుపోయింది. నాన్న ఏం చేశాడన్నది ఇంట్లో తల్లీకూతుళ్ళు ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

పాతరోజుల్లో సముద్రం మీద ఒక కట్టుబాటు ఉండేది. ఎదురైన పడవ నీళ్ళడిగితే, వాడెవడైనా సరే, వల సగం నీళ్ళలో ఉన్నా సరే, ఆగి ఇవ్వాలి. ముంబయి దాడి తరవాత అదీ పోయింది. గుర్తింపు కార్డులొచ్చాయి. బోట్లకి రాష్ట్రానికో రంగు వచ్చింది. పోలీసులు మీటింగులు పెట్టి, కొత్త బోటు కనిపిస్తే దగ్గరికి పోకండి, నీళ్ళడిగినా పోకండి, ఫోన్ చెయ్యండి అన్నారు. ఊరంతా తలూపింది. సంతోషి తల్లి దేముడమ్మ ఒక్కతే ఊపలేదు. ఊళ్ళో సముద్రానికి అందరికన్నా దగ్గరి ఇల్లు ఆమెదే. ఇప్పటికీ వీధరుగు మీద మూత పెట్టిన బిందె, దాని మీద గ్లాసు ఉంచుతుంది. ఎవరైనా ఏమైనా అంటే ఒకటే జవాబు.

"నా మొగుడు ఎలగ పోయాడో నాకు తెల్దు. నీళ్ళు పెట్టడం మాత్రం నాను మాన్ను."

ఏడాదికోసారి ఊరికి ఉత్తుత్తి దాడి వస్తుంది. పోలీసులే మామూలు బట్టలు కట్టి, మామూలు బోటెక్కి, టెర్రరిస్టుల్లా ఒడ్డుకొస్తారు. వాళ్ళని ముందే కనిపెట్టి స్టేషనుకి చెప్పాలి. ఈసారి సాయంత్రం కాపలా సంతోషికీ, ఆమె మేనమామ కొడుకు రాజేంద్రకీ పడింది. ఇద్దరూ మధ్యలో మంచినీళ్ళ సీసా పెట్టుకుని, ఇసకలో బోర్లించిన తెప్ప మీద కూర్చున్నారు.

"ఈపాలి ఆళ్ళని ఒగ్గకూడదు మరదలా. పోయినేడు టెర్రరిస్టు మా ఇంటికొచ్చి సేపల పులుసు తిని, బాగుందమ్మా అని సెప్పి మరీ ఎల్లిపోనాడు."

"పట్టుకున్నాక ఏటి సేత్తావు బావా?"

"సెల్ఫీ దిగుతాను."

సంతోషి పడీపడీ నవ్వింది. వెనక జీడితోటల్లోకి పొద్దు దిగిపోయింది. ఎండబెట్టిన చేపల వాసన, సరుగుడాకుల మీద గాలి ఈల. దూరంగా మూలపేట వైపు పోర్టు పని జరిగే చోట దీపాలు వెలిగాయి. సముద్రం మీద పల్చగా మంచు లేచింది.

ముందు ఆగిపోయింది గాలి ఈల. తరవాత కుక్కలు ఊరుకున్నాయి. అలలు ఒడ్డుని కొడుతూనే ఉన్నాయి గానీ, ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు వాటి చప్పుడు వినిపించడం లేదు.

మంచులోంచి ఒక బోటు ముక్కు బయటికొచ్చింది.

"అదిగో!" రాజేంద్ర లేచి నిలబడ్డాడు. "ఓలమ్మ, ఈసారి ముస్తాబు గట్టిదే. గుజరాతు బోటే తెచ్చీసారు! ఓ టెర్రరిస్టు బాబులూ! దొరికిపోయారు, దిగండి!"

బోటులోంచి ఎవరూ నవ్వలేదు. ఇంజిను చప్పుడు లేదు. తెడ్డు లేదు. అయినా నీళ్ళ మీద జారుతూ ఒడ్డుకే వస్తోంది. ముక్కు మీద తెల్లరంగుతో రాసిన గుజరాతీ అక్షరాలు... ఆ అక్షరాలు సంతోషికి చదవడం రాదు. కానీ వాటి వంకరలు ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇంట్లో ఫోటోలో, నాన్న భుజం వెనక ఉన్నవి అవే.

"బావా... అరవకు."

రాజేంద్ర అప్పటికే స్టేషనుకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. "సార్, మీవోళ్ళని పట్టీసాం సార్!"

"మావాళ్ళా?" ఎస్సై గొంతు విసుగ్గా వచ్చింది. "అలలెక్కువున్నాయని మా బోటు బయల్దేరనే లేదయ్యా. రేపటికి మార్చాం. మీకు చెప్పలేదా?" అంతలోనే గొంతు మారింది. "ఏ బోటది? దగ్గరికి పోకండి. వస్తున్నాం..."

ఫోన్ తెగిపోయింది.

అప్పుడు వినిపించింది.

"నీళ్ళు..."

రాజేంద్ర ఆమె చెయ్యి పట్టి లాగాడు. "బేగి రాయే... సూడకు, రాయే..."

ఆమె కదల్లేదు. అతని పట్టు జారింది. చెప్పులు అక్కడే వదిలేసి ఊరివైపు పరిగెత్తాడు.

"సుక్క నీళ్ళు... అమ్మా..."

తడిసి కుళ్ళిన తాడు వాసన. పాత డీజిలు. దాని వెనక తుప్పులాంటిదింకేదో. ఇన్నేళ్ళూ ఏ మాటకి భయపడిందో ఆ మాటే ఎదుటికొచ్చింది. ఇప్పుడు పరిగెడితే బతికినన్నాళ్ళూ పరిగెడుతూనే ఉండాలి.

"ఇత్తాను," అంది పైకి. "ఉండండి. ఇత్తాను."

సీసా మూత తీసి, నడుములోతు నీళ్ళలోకి నడిచింది.

బోటు అంచు మీద దోసిళ్ళు చాచారు. అయిదు దోసిళ్ళు. పోసింది. తాగారు. ఒక్కొక్కడి మెడకీ తువ్వాలు చుట్టి ఉంది. మింగిన నీళ్ళు మింగినట్టే ఆ తువ్వాళ్ళలోంచి కారుతున్నాయి... టప్... టప్... సముద్రంలోకి.

సీసా ఖాళీ కావడం లేదు.

చివరి దోసిలికి చిటికెన వేలు లేదు. తాడులో పడి తెగిన వేలు. ఆమె చిన్నప్పుడు పట్టుకుని నడిచింది ఆ చేతినే.

తల ఎత్తి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. అయినా ఎత్తింది.

"నీళ్ళడిగారమ్మా..." ఆ గొంతు గాలికన్నా సన్నం. "ఇచ్చాం... అంతే... తప్పా?"

"కాదు." ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా ఊరంతటికీ వినబడాలన్నట్టు అరిచింది. "తప్పు కాదు నాన్నా! ఏ నాకొడుకు ఏటన్నా సరే, నువ్విచ్చింది నీళ్ళే!"

దోసిళ్ళు వెనక్కి వెళ్ళాయి. తండ్రి కళ్ళు మాత్రం ఆమె మీద లేవు. ఆమె భుజం మీదుగా, ఒడ్డు వైపు, ఊరి వైపు చూస్తున్నాయి. ఆ చూపులో భయం ఉంది. చచ్చిపోయినవాడికి కూడా మిగిలే భయం.

పెద్ద అల ఒకటి వచ్చింది. తేరుకునేసరికి బోటు లేదు.

అలల చప్పుడు మళ్ళీ చెవిన పడింది. తడిబట్టలతో ఒడ్డుకొచ్చి, తెప్ప మీద ఉన్న తన ఫోన్ తీసి లైటు వేసింది. ఇసకలో ఆమె అడుగులు, నీళ్ళవైపు. రాజేంద్ర ఉత్తకాళ్ళ అడుగులు, ఊరివైపు, తొందరగా, చిందరవందరగా.

ఇంకో వరస ఉంది.

బూట్ల అడుగులు. నీటి అంచున మొదలయ్యాయి. తొందర లేదు. తిన్నగా, తీరుబడిగా, దారి తెలిసినవాడిలా మొదటి ఇంటివైపు వెళ్ళాయి. వెనక్కి వచ్చిన గుర్తు ఒక్కటీ లేదు.

మొదటి ఇల్లు తమదే. అరుగు మీద బిందె. లోపల అమ్మ.

నీళ్ళివ్వకే అమ్మా అని చెప్పాలనుకుంది. ఆ మాట గొంతుదాకా వచ్చి ఆగింది. అది ఆ బూట్లవాడి మాట, నాన్న చేతి నీళ్ళు తాగి గొంతు కోసినవాడి మాట. ఇన్నేళ్ళుగా ఊరందరి నోటా వాడు పలికిస్తున్న మాట. తను పలకదు.

ముందు నాన్న సంగతి చెప్పాలి అమ్మకి. నీళ్ళే ఇచ్చాడని, ఇంకేమీ చెయ్యలేదని. తరవాత దీపాలన్నీ వేసి, వీధివీధంతా కేకేసి పిలవమనాలి. గ్లాసు మాత్రం ముట్టుకోవద్దనాలి. ఈసారి ఇచ్చేది తను. లైటు మొహమ్మీద కొట్టి, వాడెవడో చూసి మరీ ఇస్తుంది.

సరుగుళ్ళ అవతల, చీకట్లో, బిందె మీది గ్లాసు ఎవరో తీసిన చప్పుడైంది.

సంతోషి ఫోన్లో అమ్మ పేరు మీద వేలు పెట్టింది.