కిటికీలు మూసిన పూట

"ఆ ముడి మళ్ళీ కట్టండే! నీళ్ళలో ఊడిందంటే పందెం కాదు, స్నానమైపోద్ది!" అని నూకరత్నం కేకేస్తుండగానే ఆమె చేతిపలక పచ్చగా వెలిగి సన్నగా మోగింది. పొద్దున్నించి ఇది నలభై రెండోసారి. ఎవరి దగ్గర్నించో చూడక్కర్లేదు.

'కుందనా, మీ అమ్మ భోంచేసిందేమో కనుక్కుని చెప్పమ్మా. నాన్న.'

"ఓలమ్మ, మళ్ళీ వచ్చీసింది!" అంది నూకరత్నం.

పందెం మూడుంబావుకి. వంశధార వెళ్ళి సముద్రంలో కలిసే చోట, నీటివిడిది కింద అప్పుడే పోటు ఎక్కుతోంది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, తెప్పకిద్దరు చొప్పున పంతొమ్మిది తెప్పలు. నిన్న అమ్మానాన్నల్ని, వాళ్ళిద్దరే ఏకాంతంగా గడిపే జంటపూటకి సాగనంపినప్పటి నుంచి వీళ్ళకి తిండి ధ్యాస లేదు, నిద్ర ధ్యాస లేదు, ఒకటే గోల. ఎంత బెంగ ఉందో కొలిచే చేతి బెంగపట్టీలు చూస్తే పిల్లల్లో ఒక్కరి అంకె కూడా పది దాటలేదు. యాభై ఒక్కేళ్ళ నూకరత్నం పదకొండు దసరాలుగా ఇక్కడ పూటకాపరి. ఇంత సందడి ఏ దసరాకీ చూడలేదు. ఆవిడకీ గెంతాలనే ఉంది, మోకాళ్ళు ఒప్పుకోవు గానీ.

కుందన తాడు కొస పళ్ళతో పట్టుకుని లాగుతోంది. ఏడేళ్ళ పిల్ల, పక్కన దాని జతగత్తె రుబీనా. ఇద్దరి మోచేతులకీ జిగురు, జుట్టులో రంపంపొట్టు. నూకరత్నం పలక చూపించగానే కుందన తాడు వదలకుండానే గడగడా చెప్పేసింది.

"అమ్మకి ఆకలి లేదంట పెద్దమ్మా. ఇందాకే చెప్పింది. నాన్నని తినెయ్యమంది. ఆ, ఇంకోటి, అమ్మ కళ్ళజోడు నాన్న సంచిలో ఉందంట, తలుపు దగ్గర పెట్టమంది."

ఇంతకీ ఆ అమ్మా నాన్నా ఎక్కడున్నారు? అనంతగిరి కొండమీద, కాఫీ తోట నడుమ, జంటపూట కోసమే కట్టిన రెండు గదుల ఇంట్లో. మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకి అటున్న మాట కొండ దిగి, సముద్రం దాకా వచ్చి, జిగురు చేతుల పిల్ల నోట్లోంచి మళ్ళీ కొండెక్కి, గోడకి ఇటు చేరుతోంది. కళ్ళజోడు కోసం!

నిన్న దింపడానికి వచ్చినప్పుడే నూకరత్నం కనిపెట్టింది. "కుందనా, మీ అమ్మని ఇక్కడ వేలిముద్ర వెయ్యమను," అన్నాడు వాళ్ళ నాన్న శశాంక్. మైథిలి జానెడు దూరంలోనే ఉంది. "వేశానని నాన్నకి చెప్పు," అంది. కొట్లాట లేదు, కోపం లేదు. అతను బరువైన సంచి ఆవిడని మోయనివ్వలేదు కూడా. మాటే లేదు. మధ్యలో ఈ పిల్ల అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి చెప్తూ నిలబడింది. చూస్తే ముందు నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నవ్వు ఎటు పోతుందో పోతుంది.

"పూటకాపరి గారూ," అని చెవిలో పలికింది నెమ్మది. విడిదిని నడిపే యంత్రానికి ఆ పేరెవరు పెట్టారో గానీ, గొంతు మాత్రం పేరుకి తగ్గట్టే ఉంటుంది. "కుందన తల్లి బెంగ అరవై ఆరు. తండ్రి బెంగ అరవై మూడు. అరవై దాటి అరగంట అయింది. తల్లిదండ్రుల దగ్గరికి చేరవేత ఖరారు. ఎగరపల్లకి మూడూ పదికి పైకప్పు మీద దిగుతుంది. బాలికను సిద్ధం చేయగలరు."

నూకరత్నం గడియారం చూసింది. రెండూ నలభై.

"పిల్లకి బెంగ లేదు కదా! దాని అంకె నాలుగు!"

"నిబంధన ముగ్గురికీ వర్తిస్తుంది. ఎవరి అంకె దాటినా జంటపూట రద్దవుతుంది."

"రద్దయితే మళ్ళీ ఎప్పుడు?"

"వరసలో చివరికి వెళ్తారు. ప్రస్తుత అంచనా రెండేళ్ళ నాలుగు నెలలు."

"పందెం ఉందే తల్లీ, మూడుంబావుకి!"

"పందెం నా పట్టికలో లేదు. బెంగ తగ్గడానికే వారికి బాలికను చూపే కిటికీ ఇచ్చాను. నిన్నటి నుంచి పంతొమ్మిది గంటలు తెరిచే ఉంచారు. బాలికను చూస్తూనే ఉన్నారు. అయినా తగ్గలేదు."

"చూస్తన్నారు కాబట్టే తగ్గలేదు," అని గొణిగింది నూకరత్నం. నెమ్మదికి గొణుగుడు అర్థం కాదు.

ఆమె పలక మీద మిగతా ఇళ్ళ అంకెలు కూడా చూసింది. నలభై ఏడు, యాభై రెండు, యాభై ఎనిమిది. ముప్ఫై ఎనిమిది జంటలూ ఏ కొండమీదకో ఏ తోటలోకో పోయి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మాని, కిటికీలో పిల్లల్ని చూస్తూ కూర్చున్నారు. పిల్ల జడ ఊడితే ఒక మాట, పిల్లాడు చెప్పు తప్పిపోతే ఇంకో మాట. ఏకాంతం ఇస్తే ఇదా నిర్వాకం!

చేరవేత సంగతి కుందనకి చెప్పక తప్పలేదు. ఏడుస్తుందనుకుంది, పేచీ పెడుతుందనుకుంది. కుందన ఒక్క క్షణం తెప్ప వంక చూసి, పొద్దుటి నుంచి తను కట్టిన ముళ్ళు తనే విప్పడం మొదలుపెట్టింది.

"ఏటే, ఏటి చేస్తన్నావ్?"

"నా వైపు తాడు రుబీనాకి ఇచ్చేస్తున్నా. దానికి ఇంకో జత కావాలి కదా." పిల్ల గొంతు మామూలుగానే ఉంది. "వెళ్ళాలి పెద్దమ్మా. నేను లేకపోతే వాళ్ళకి మాట్లాడుకోవడం రాదు."

ఏడేళ్ళ పిల్ల! ఆడుకోడానికి వచ్చిన చోట కూడా కొలువు వదల్లేదు. ఇప్పుడు పల్లకి ఎక్కి వెళ్తే ఇక ఎప్పటికీ అంతే. పెళ్ళయి వెళ్ళే రోజున కూడా పీటల మీద నుంచి వీళ్ళిద్దరి మాటలు ఒకరివి ఒకరికి మోస్తూనే ఉంటుంది.

ఈ ఉద్యోగానికి ముందు ఆమె బాల్వాడీలో ఆయా. పిల్లని దింపిన ప్రతి తల్లికీ ఒకటే చెప్పేది, వెనక్కి చూడకుండా పొమ్మని. గుమ్మంలో ఆగి తొంగిచూసిన తల్లికే ముందు ఏడుపొచ్చేది, ఆవిణ్ణి చూసి పిల్లకి. చూడకుండా పోయినావిడ సందు మలుపు తిరిగేలోగా ఇక్కడ పిల్ల ఇసకలో కూర్చుని ఆడుతుండేది. నెమ్మదిని కట్టినవాళ్ళు గొప్ప చదువులు చదివారు గానీ, గుమ్మంలో నిలబడి తొంగిచూడడానికే ఒక యంత్రం కట్టిపెట్టారు.

రెండూ యాభై ఆరు. నూకరత్నం చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

"విప్పకే! బిగించు! గట్టిగా బిగించు!" అని కుందనకి చెప్పి వంటింటి వైపు పరిగెత్తింది. మోకాళ్ళ సంగతి తర్వాత.

వంటింటి గోడకి ఎర్రపిడి ఉంది. తుఫాను కసరత్తు పిడి. ఏడాదికోసారి కసరత్తు జరపాలి, ఏ రోజో ముందు ఎవరికీ తెలియకూడదు. అందుకే రోజు ఎంచుకునే హక్కు పూటకాపరికి ఇచ్చారు. కసరత్తు నడిచే గంటసేపు కిటికీలన్నీ మూతపడతాయి, పల్లకీలు దరిదాపులకి రావు, పిల్లలంతా తెప్పలెక్కాలి. బయటివాళ్ళకి ఒక్క పాత తీగఫోను మాత్రం పనిచేస్తుంది. నూకరత్నం పిడిని రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది.

డంగ్, డంగ్, డంగ్!

"పూటకాపరి గారూ, ఆకాశం నిర్మలంగా ఉంది," అంది నెమ్మది.

"కసరత్తు కదమ్మా. మబ్బులెందుకు?"

"చేరవేత పెండింగులో ఉంది."

"కసరత్తు ముందా, చేరవేత ముందా? నీ నిబంధనలు నువ్వే సూసుకో."

నెమ్మది చూసుకుంది. రెండు క్షణాలు పట్టింది, దానికది చాలా ఎక్కువ. "కసరత్తు ముందు," అని ఒప్పుకుంది. ముప్ఫై ఎనిమిది ఇళ్ళకి ఒకే కబురు వెళ్ళింది: పిల్లలు క్షేమం, ఇది కసరత్తు మాత్రమే, గంటసేపు కిటికీ ఉండదు. సరుగుడు తోటల మీదుగా వస్తున్న ఎగరపల్లకి గాల్లోనే ఆగి, కాసేపు ఊగి, వచ్చిన దారినే వెనక్కి మళ్ళింది. రుబీనా దాన్ని చూసి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

"తెప్పలెక్కండర్రా!"

అబ్బో, ఇక చూడాలి! పంతొమ్మిది తెప్పలు ఒక్కసారి నీళ్ళలో పడ్డాయి. పోటు వాటిని ఎత్తి ఎత్తి వేస్తోంది. ఏ తెప్పా కొట్టుకుపోకుండా కాపలా బుడగలు చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డాయి. ఒక తెప్ప మొదట్లోనే గిర్రున తిరిగి వెనకవాళ్ళకి అడ్డంపడింది, వాళ్ళు తిట్టారు, వీళ్ళు నవ్వారు. కుందన మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేస్తూ "ఎడమకే! ఎడమకే రుబీనా!" అని గొంతు చించుకుంటోంది. విడిది మొత్తం ఊగిపోతోంది.

నూకరత్నం ఒక కన్ను నీళ్ళ మీద, ఒక కన్ను పలక మీద వేసి నిలబడింది. శశాంక్ డెబ్బై ఒకటి. మైథిలి డెబ్బై ఎనిమిది. అంతలోనే ఆవిడది ఎనభై నాలుగు. ఆ ఇద్దరి మధ్యా ఉన్న ఒక్క దారీ తనే తెంపింది. ఇంట్లో వాళ్ళిద్దరే, నోరు విప్పడం మరిచిపోయిన ఇద్దరు. ఈ గంటలో ఒకరు సంచి సర్దుకుని కొండ దిగి వెళ్ళిపోతే? ఆ పాపం ఎవరిది?

తీగఫోను మోగింది. ఆమె ఎగిరి అందుకుంది.

"నేను శశాంక్‌ని, కుందన నాన్నని. పాప ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉంది బాబూ."

"ఏం చేస్తోంది?"

"సెప్పను."

"ఏంటీ?"

"మీ పూట మీది, దాని పూట దానిది. సాయంత్రం అదే సెప్తాది."

"సరే... ఒక్క మాట తనకి చెప్పగలరా? వాళ్ళమ్మని అడగమని..."

"అమ్మగారెక్కడున్నారు?"

"ఇక్కడే. పక్కగదిలో."

"తలుపేసుందా?"

"లేదు. తీసే ఉంది."

"మరింకేటి బాబూ? మీరే అడగండి."

అతని గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలీట్లేదండీ. పాప పుట్టాక మొదట్లో అది ఆటలా ఉండేది. అమ్మకి చెప్పు, నాన్నకి చెప్పు. తర్వాత ఇంకేం మిగల్లేదు."

"పేరు పెట్టి పిలవండి. తర్వాత నోటికేదొస్తే అది," అంది నూకరత్నం.

అతను ఫోను పెట్టెయ్యడం మరిచిపోయి బల్ల మీద ఉంచినట్టున్నాడు. అడుగులు వినిపించాయి. నాలుగడుగులు, అంతే. "మైథిలీ," అన్నాడు. "అన్నం తిన్నావా?"

వినకూడదని నూకరత్నానికి తెలుసు. కానీ చెయ్యి కదలలేదు.

"లేదు," అంది ఆడగొంతు. "నువ్వు?"

నూకరత్నం ఫోను మెల్లగా పెట్టేసింది. చీర చెంగుతో మొహం తుడుచుకుని బయటికి వచ్చేసరికి అక్కడ ప్రళయం! గెలుపు గీతకి పది బారల దూరంలో కుందనా వాళ్ళ తెప్ప బోల్తా పడింది. ఇద్దరూ నీళ్ళలో తేలుతూ, ఉమ్ముతూ, నవ్వుతూ, తెప్పని ఈదుకుంటూ తోసుకొచ్చి గీత దాటించారు. పంతొమ్మిదింటిలో పదకొండో స్థానం. గెలిచినవాళ్ళు కూడా అంత గట్టిగా అరవలేదు.

"పూటకాపరి గారూ," అంది నెమ్మది. "గంట పూర్తయింది. కుందన తల్లి ముప్ఫై ఒకటి, తండ్రి ఇరవై తొమ్మిది. మిగతా గృహాల్లోనూ అంకెలన్నీ నలభై లోపే. కారణం నా దగ్గర లేదు. కిటికీలు తెరవడానికి బొటనవేలు ఆనించండి."

నూకరత్నం వేలు పలక మీదకి తీసుకెళ్ళింది. అంతలో కుందన నీళ్ళోడుతూ పరిగెత్తుకొచ్చింది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"పెద్దమ్మా, నాన్న మాట ఏమైనా వచ్చిందా? అమ్మకి చెప్పాలా?"

"వచ్చింది. నీకు కాదు."

"మరెవరికి?"

"మీ అమ్మకే. తిన్నావా అని ఆయనే అడిగారు. ఆవిడే జవాబు సెప్పింది."

"నేను లేకుండానా?" కుందన కళ్ళు ఇంతింతయ్యాయి. పెదవి ఒకసారి వణికింది. ఏడవబోతోందా అనుకుంటుండగానే పిల్ల రెండు చేతులూ పైకెత్తి, విడిది మొత్తం దద్దరిల్లేలా కేక పెట్టింది. "రుబీనా! ఇంకో పందెం! నాకేం పన్లేదు! నాకు ఇవాళేం పన్లేదే!" అని అరుస్తూ పోయి మళ్ళీ నీళ్ళలో దూకింది.

నూకరత్నం వేలు వెనక్కి తీసుకుంది.

"పూటకాపరి గారూ, కసరత్తు గడువు దాటింది."

"దాటనీ."

"ఎప్పుడు ముగుస్తుంది?"

"సెలవులయ్యాక. ఎవరికైనా కంగారైతే తీగఫోను ఉంది, నాను పలుకుతాను."

"కారణం నమోదు చేయాలి."

"రాసుకో," అంది నూకరత్నం. "పిల్లలు ఆడుకుంటన్నారు."

నెమ్మది ఆ మాటని ఏ గడిలో పెట్టాలో వెతుక్కుంటూ ఉండిపోయింది. నూకరత్నం పలకని బల్ల మీద బోర్లించి, రెండో పందెంలో రుబీనా వాళ్ళ తెప్పకి ఇంకో తెడ్డు కావాలేమో చూడ్డానికి గబగబా మెట్లు దిగింది.