నాలుగు వందల తొంభై తొమ్మిది గ్రాములు

పెట్టెలో లెన్సు లేదు. ఇసుక ఉంది.

గురువారం ఉదయం 10.20. పార్సిల్ తెచ్చిన మనిషి ఎదుటే ఓ ఫొటోగ్రాఫర్ సీలు కోశాడు. పక్కన ఒకరు ఫోనులో వీడియో తీస్తున్నారు. పాత పేపరు ముక్కల మధ్య పాలిథిన్ సంచి. అందులో సన్నటి ఇసుక. ఆయన రిపేరుకి పంపిన లెన్సు ఖరీదు ఓ సెకండ్‌హ్యాండ్ కారు ఖరీదుకి తక్కువ కాదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు.

స్టేషన్ బెంచీ మీద ఓ నడివయసు ఆడమనిషి కూర్చుని ఉంది. లోపల గదిలో కాగితాలు టైపవుతున్నాయి. ఐదింటికి ఆమెను కోర్టుకి పంపాలి.

ఇన్‌స్పెక్టర్ కూర్చోలేదు. ఆయన ఎప్పుడూ కూర్చోడు. కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి బీరువా దాకా తిరుగుతూనే ఉంటాడు. స్టేషన్‌లో ఆయనకి వెనకాల పెట్టిన పేరు కాలుగాలిన పిల్లి. ఈ రోజు ఆ పిల్లికి నాలుగు కాళ్లూ కాలినట్టుంది.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు హెడ్ కానిస్టేబుల్‌తో.

"ఇందులో చెప్పడానికేముంది సార్. తూకమే సాక్ష్యం. మంగళవారం పొద్దున వీళ్లింట్లో తూస్తే 499 గ్రాములు. పార్సిల్ బుకింగ్ కౌంటర్లో తూస్తే 499. అక్కడేసిన సీలు టేపు చివరిదాకా చెక్కుచెదరలేదు. అంటే ఇంట్లోంచి బయల్దేరినప్పుడే పెట్టెలో ఇసుకుంది. పెట్టె కట్టింది ఈవిడ."

"దారిలో ఎవరైనా మార్చి ఉంటే?"

"మార్చి, గ్రాము తేడా రాకుండా సరిపెట్టాలిగా. ఆటోలో కూర్చుని అదెవరి తరం సార్?"

అక్కడే ఇన్‌స్పెక్టర్‌కి ఏదో గుచ్చుకుంటోంది. గ్రాము తేడా లేదు. ఏ పార్సిల్ కేసులోనైనా పదో పరకో తేడా ఉంటుంది. ఇంత శుభ్రంగా ఉన్న లెక్కని ఆయన తన సర్వీసులో చూడలేదు.

బెంచీ దగ్గర ఆగాడు. "పెట్టె కట్టాక తూసింది ఎవరమ్మా?"

"అన్నయ్య. ఇంట్లో కాటా ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరు."

"లెన్సు లోపల పెట్టడం ఆయన చూశారా?"

"లేదండీ."

టోపీ తీసుకుని ఇన్‌స్పెక్టర్ జీపు వైపు నడిచాడు. మబ్బు ముసురుకుంటోంది.

*

3.25.

పాత లెన్సులు రిపేరు చేసి పార్సిల్లో తిప్పిపంపే ఆ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో బల్ల, భూతద్దం, చిన్న స్క్రూడ్రైవర్లు. వెనక గది నిండా వాడేసిన అట్టపెట్టెలు. మందుల పెట్టెలు, చెప్పుల పెట్టెలు, సబ్బుల పెట్టెలు. ఒక్కటీ కొన్నది కాదు.

ఇంటాయన బల్ల ముందు కూర్చుని ఓ పెట్టె లోపలి రెక్కలు కత్తెరతో కత్తిరిస్తున్నాడు. బజారంతా ఆయన్ని గ్రాములాయన అంటారు. పిల్లికి బిచ్చం పెట్టడని కొందరంటారు. పెడతాడు గానీ ముందు తూస్తాడని మిగతావాళ్లంటారు.

"ఆ రెక్కలేం చేశాయి పెద్దాయనా?"

"పన్నెండు గ్రాములు సార్. ఐదొందలు దాటితే ఇంకో స్లాబు, చార్జీ పెరుగుతుంది. ఒక్క గ్రాము దాటినా స్లాబు స్లాబే. టేపు ఒక వరసే వేస్తాను. పెట్టె వస్తువుకి చొక్కాలా ఉండాలి, గుడారంలా కాదు. పెద్దదైతే బరువు వదిలేసి సైజుకి చార్జీ గుంజుతారు. లోపల కుక్కడానికి పాత పేపరు. ఊరికే వస్తుంది."

"బాగానే ఆదా చేస్తున్నారు. ఇన్సూరెన్స్ చేయించారా ఆ లెన్సుకి?"

గ్రాములాయన కత్తెర ఆపాడు. తల అడ్డంగా ఊపాడు.

"చెల్లెలే తీసిందనుకుంటున్నారా?"

"నేననుకునేదేముంది సార్. కాటా అబద్ధం చెప్పదు. అమ్మ పోయినప్పట్నుంచి నా దగ్గరే ఉంది. పధ్నాలుగేళ్లు. ఇంత పని చేస్తుందని..." చూపు కాటా మీదే ఉంది.

ఇన్‌స్పెక్టర్ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతున్నాడు. "మంగళవారం ఏం జరిగింది? గడియారం ప్రకారం చెప్పండి."

"తొమ్మిది పదికి తూకాలయ్యాయి. పన్నెండు పెట్టెలు. ఒక్కోదాని అడుగున పెన్సిల్‌తో బరువు రాస్తాను. తొమ్మిదిన్నరకి ముసురు పట్టింది. పెట్టెలు వరండాలో పెట్టాం. చుక్క పడలేదు వాటి మీద. పదీ నలభైకి ఆటో వచ్చింది. పదకొండూ ఐదుకి కౌంటర్లో దింపేశాడు. మధ్యాహ్నం వెళ్లి రసీదులు తెచ్చుకున్నా. తెచ్చుకుని గొడవపడి వచ్చా."

"గొడవెందుకు?"

గ్రాములాయన ముఖం ఎర్రబడింది. చెల్లెలి గురించి మాట్లాడినప్పుడు కూడా అంత ఎర్రబడలేదు.

"వాడి కాటాలో మోసం సార్. రెండు గ్రాములెక్కువ, మూడు గ్రాములెక్కువ. ఐదు పెట్టెలు స్లాబు దాటించేశాడు. పట్టపగలు దోపిడీ. ఇరవై పార్సిళ్ల మీద మిగిల్చింది ఆ ఒక్క పూటలో ఊడ్చుకుపోయింది. ఎవరికి చెప్పుకోను?"

"పన్నెండూ పెరిగాయా?"

"పదకొండు. పన్నెండోదొక్కటే నా పరువు నిలబెట్టింది. 499 రాస్తే 499 వచ్చింది."

ఇన్‌స్పెక్టర్ నడక ఆగింది.

తర్వాత జీపు డ్రైవరు స్టేషన్‌లో చెబితే ఎవరూ నమ్మని పని చేశాడాయన. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిన్న తూసిన పెట్టె ఏదైనా ఉందా ఇంట్లో?"

ఉంది. అడుగున పెన్సిల్‌తో 241. బయట చినుకులు మొదలయ్యాయి. వాకిలి తలుపు తెరిచే ఉంది.

"కాటా మీద పెట్టండి."

పెట్టాడు. 244.

గ్రాములాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. పెట్టె తీసి, రెండొందల గ్రాముల ఇత్తడి తూకపురాయి పెట్టి చూశాడు. రెండొందలు. సరిగ్గా రెండొందలు. మళ్లీ పెట్టె పెట్టాడు. 244.

"ఇదేంటి సార్, నా కాటా సరిగ్గానే ఉందిగా."

"వాడి కాటా కూడా సరిగ్గానే ఉంది పెద్దాయనా. ఆ రసీదులన్నీ తీసుకుని జీపెక్కండి."

టైము 3.52.

*

4.20. బుకింగ్ కౌంటర్.

ఇరుకు గది. ఒక చెక్కబల్ల, ఒక ఎలక్ట్రానిక్ కాటా, గోడవార గోనెసంచులు. ఐదింటికి వ్యాను వస్తుంది. ఈలోగా సంచుల మూతులు కట్టెయ్యాలి. కౌంటరాయన చేతులు చకచకా ఆడుతున్నాయి.

ఇన్‌స్పెక్టర్ ఫోను చేయడంతో ఆటో డ్రైవర్ని హెడ్ అప్పటికే పట్టుకొచ్చాడు. వెనకాలే ఇంకో జీపులో గ్రాములాయన చెల్లెల్ని తెచ్చారు. ఆమె చెప్పులు బయట విడిచి గుమ్మం పక్కన నిలబడింది. అన్న వైపు చూడలేదు.

"దారిలో ఎక్కడైనా ఆగావా?" ఇన్‌స్పెక్టర్ ఆటో డ్రైవర్ని అడిగాడు.

"వానలో ఎక్కడాగుతాను సార్? పది నలభైకి ఎక్కించుకున్నా, పదకొండూ ఐదుకి దించా. ఈ కౌంటరాయన సంతకం కూడా పెట్టాడు."

"ఆటోలో కాటా ఉందా?"

"మీటరే లేదు సార్, కాటా ఎక్కడిది?"

హెడ్ నవ్వాపుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ కౌంటర్ వైపు తిరిగాడు.

"పార్సిళ్లు దింపగానే తూస్తావా?"

"తీరిక దొరికినప్పుడు తూస్తాను సార్. ఆ రోజు పన్నెండు గంటలు దాటాక తూశాను."

"అంటే గంట సేపు నీ దగ్గరే ఉన్నాయి."

"రోజూ ఉండేవేగా సార్. తూకం కరెక్టుగా వచ్చిందిగా. ఇంట్లో ఎంతో ఇక్కడా అంతే. దొంగని ఇంట్లో పెట్టుకుని నా మీద పడతారేంటి?"

ఇన్‌స్పెక్టర్ పన్నెండు రసీదులు బల్ల మీద పరిచాడు.

"పెద్దాయనా, చదవండి. ముందు మీ పెన్సిల్ అంకె. తర్వాత రసీదు అంకె."

"నూట తొంభై ఆరు, నూట తొంభై తొమ్మిది. రెండొందల నలభై తొమ్మిది, రెండొందల యాభై రెండు. నాలుగొందల తొంభై ఎనిమిది, ఐదొందల ఒకటి..."

పదకొండూ చదివాడు. పదకొండూ పెరిగినవే.

"పెరిగింది మోసం వల్ల కాదు. ముసురు వల్ల. అట్ట, పాత పేపరు గాల్లో తేమ తాగుతాయి. ఇప్పుడే ఈయన ఇంట్లో, ఈయన కాటా మీదే చూశాను. మూడు గ్రాములు తాగింది." ఇన్‌స్పెక్టర్ వేలు పన్నెండో రసీదు మీద ఆగింది. "ఇదీ అట్టే. ఇందులోనూ పాత పేపరే. అదే వరండా, అదే ఆటో. దీనికొక్కదానికీ దాహం ఎందుకు వెయ్యలేదు?"

కౌంటరాయన చేతులు ఆగాయి.

"ఈవిడ ఇంట్లోనే ఇసుక పోసిందనుకుందాం. పొడి పెట్టె, 499. ఇక్కడికొచ్చేసరికి అది కూడా మిగతావాటిలా 502 కావాలి. కాలేదు. అంటే తేమ తాగేశాకే ఎవరో దాన్ని విప్పారు. లెన్సు తీసి, ఇసుక పోసి, మళ్లీ 499కి సరిపెట్టారు. గ్రాముతో సహా సరిపెట్టాలంటే కాటా కావాలి. ఒకటి ఇంట్లో ఉంది. రెండోది ఇదిగో, నీ మోచేతి కింద."

"నాకేం అవసరం సార్..."

"ఈయన గ్రాముకి గొడవపడతాడని నీకు తెలుసు. తేడా వస్తే పట్టేస్తాడని భయం. అందుకే పెట్టె తిరగేసి పెన్సిల్ అంకె చూశావు. సరిగ్గా అంతకే ఇసుక పోశావు. ముందు మిగతావి తూసి ఉంటే తెలిసేది, ఆ రోజు సరిగ్గా రావడమే తప్పని."

కౌంటరాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కళ్లు మాత్రం ఓ గోనెసంచి మీదికి పోయి, చటుక్కున వెనక్కి వచ్చాయి. చాలు.

"హెడ్, ఆ మూడో సంచి విప్పు."

అడుగున బరువైన పెట్టె ఒకటి. పైన వేరే ఊరి చిరునామా. పంపినవారి పేరు రాయాల్సిన చోట ఖాళీ. హెడ్ టేపు కోశాడు. పాత తువ్వాలు. దాని మడతల్లో నల్లగా, గుండ్రంగా లెన్సు.

"ఇంకో అరగంటాగితే వ్యానెక్కేసేది" అన్నాడు హెడ్. అంటూనే బెంచీ మీద రెండు రోజులు కూర్చున్న మనిషి వైపు చూసి, చూపు దించుకున్నాడు.

కౌంటరాయన కూలబడ్డాడు. "దాని ఖరీదు విన్నాను సార్. ఈవిడ్ని పట్టుకున్నారని తెలిశాకే సంచిలో వేశాను" అన్నాడు, అంతే.

*

వాన జోరందుకుంది. హెడ్ కౌంటరాయన్ని జీపెక్కించాడు. ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి ఫోను చేసి టైపు చేసిన కాగితాలు ఆపించాడు.

గ్రాములాయన రసీదులు పోగుచేసి జేబులో పెట్టుకున్నాడు. చెల్లెలి దగ్గరికి వెళ్లాడు.

"పదవే, ఇంటికెళ్దాం. రెండ్రోజుల్నుంచి పార్సిళ్లన్నీ ఆగిపోయాయి."

ఆమె కదల్లేదు.

"నిన్న పొద్దున రసీదు తెచ్చి నా ముందు పెట్టావు. కాటా తెచ్చి పెట్టావు. పోలీసులొస్తే తలుపు తీశావు. ఇంతలో ఒక్కసారైనా నన్నడిగావా అన్నయ్యా?"

"ఏం అడగాలి?"

"తీశావా అని."

"తప్పయింది. ఇప్పుడెందుకే అదంతా, దొంగ దొరికాడుగా."

"అడుగు."

ఆయన ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర నిలబడి వాన చూస్తున్నాడు. అటూ ఇటూ తిరగడం లేదు.

గ్రాములాయన గొంతు సవరించుకున్నాడు. చివరికి మాట వచ్చింది, ముసలి గొంతుతో.

"లెన్సు నువ్వు తీశావా అమ్మా?"

"లేదు" అంది ఆమె.

చెప్పులు వేసుకుని, అన్న కంటే ముందు మెట్లు దిగింది.