గట్టు లేని కొలను

కామారెడ్డి స్టేషన్ దగ్గర కొత్త ఫంక్షన్ హాలు గోడ మీద అరవింద్ కలువపూల కొలను వేస్తున్నాడు. ఎవరో ఫ్రెంచి దొర వేసిన బొమ్మ. పాత క్యాలెండరులో చూసి యజమాని ముచ్చటపడ్డాడు. అరవింద్‌ది బోర్డులు రాసే చెయ్యి. క్యాలెండరు మీద చిన్న గళ్లు, గోడ మీద పెద్ద గళ్లు గీసుకుని, ఒక్కో గడి చూసి దింపేస్తాడు. మొత్తం బొమ్మను చూసే పనే ఉండదు. అందుకే ఒప్పుకున్నాడు. కలువలు కంటపడితే రెండేళ్లుగా అతనికి ముద్ద దిగదు.

డ్రాయింగ్ పరీక్షకు కావాలని, ఎల్లారెడ్డి దగ్గరి కుంటలో రెండు పువ్వులు తెంపివ్వమని పక్క తండా దుర్గక్కను అడిగింది అతనే. కూలికి పోతున్న మనిషి, పాపం, నవ్వుతూ దిగింది. కాడలు కాళ్లకు చుట్టుకున్నాయి. తెల్లగాజుల చెయ్యి ఒక్కటే పైకి లేచింది. అతనికి ఈత రాదు, నిజమే. కేకేయడం వచ్చు కదా! తండావాళ్లు తంతారని నోరు మూసుకుని ఇంటికి నడిచాడు. ఆమె భర్త పూల్‌సింగ్ వెతుక్కుంటూ వస్తే, "నేను అటు దిక్కే పోలే" అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల ఎత్తలేడు.

ఆ పూల్‌సింగే ఇప్పుడు ఈ హాలు వాచ్‌మన్.

మధ్యాహ్నానికి చివరి గడి నిండింది. రంగు వాసనలోంచి పాచి వాసన మెల్లగా పైకొచ్చింది. గోడ లోపల ఎక్కడో నీళ్లు కదిలాయి.

"తమ్మీ..." గుమ్మం దగ్గర పూల్‌సింగ్, గుసగుసగా. "గీడికెల్లి సూడు."

అరవింద్ వెనక్కి నడిచాడు. దగ్గర్నుంచి వట్టి మరకలే. పది అడుగులు... ఇరవై... మరకలు కలిశాయి. తెల్ల రేకులు వరసగా గాజులయ్యాయి. నీళ్లలోంచి చెయ్యి.

"మా దుర్గిదే. మరి గట్టు మీద గా నీలం అంగీ ఎవలు? సూసుకుంట నిలబడ్డడు."

అరవింద్ గట్టు వేయలేదు. దొర బొమ్మలోనూ లేదు. ఆ రోజు తను వేసుకున్నది మాత్రం నీలం అంగీయే.

ఇప్పుడైనా చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకేం తెల్వదన్నా."

పూల్‌సింగ్ తల ఊపి బయటికి పోయాడు.

అరవింద్ క్యాలెండరు అందుకున్నాడు. మూల గడి. పొద్దుటినుంచి వందసార్లు చూసిన గడే. అందులో గోరంత గట్టు... నీలం అంగీ మనిషి... వీపు చూపిస్తూ వెళ్లిపోతున్నాడు.

దుర్గక్క పోయింది 2011లో. ఆ క్యాలెండరు 2009ది.